కాగితం లేని జమానతు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను రెండింటిని నమ్మలేదు. ఒకటి దేవుడు, రెండోది నోటిమాట. దేవుడి విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. రెండోదానికి ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇప్పుడు బ్యాంకుల్లో చేరుతున్న పిల్లలు, అప్పుల్లో మునిగినవాళ్ళకు సలహాలు చెప్పే కుర్చీలో రేపు కూర్చోబోయేవాళ్ళు దీన్ని చదివి నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక కాస్త ఆలోచించండి.

నేను పెరిగింది కృష్ణా తీరంలోని ఒక చిన్న పట్టణంలో. మా నాన్న అక్కడి హేతువాద సంఘానికి కార్యదర్శి. ఆదివారం వస్తే సంఘం గదిలో వాదోపవాదాలు సాగేవి. ఆ గదిలో ఒక కఠినమైన నియమం ఉండేది: ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పగలిగాకే దాన్ని ఖండించాలి. ముహూర్తాలు పెట్టేవాళ్ళ మీద, జాతకాలు చెప్పేవాళ్ళ మీద నేను ఆ నియమం ప్రకారమే దండెత్తాను, చాలాసార్లు గెలిచాను. టీ బండి నడిపే మనిషికి కూడా ఒక వాదం ఉంటుందని మాత్రం నాకు యాభై తొమ్మిదేళ్ళ దాకా తోచలేదు.

బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు చేశాను. అందులో ఎక్కువ భాగం మొండి బాకీల వసూలు విభాగంలో గడిచింది. చివరి మూడేళ్ళూ కొండాపూర్ శాఖ పైఅంతస్తులో రుణ సలహా కేంద్రం అని ఒకటి పెట్టి నన్ను కూర్చోబెట్టారు. వసూలు చేసిన చేతులతోనే ఓదార్చమన్నారన్నమాట. ఏ బ్యాంకులో అప్పున్నవాళ్ళైనా రావచ్చు, ఫీజు లేదు. గోడమీద ‘నమోదు కాని చిట్టీలలో చేరకండి’ అని నేనే ఒక బోర్డు రాయించాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళంతా దాదాపు సాఫ్ట్‌వేర్ వాళ్ళే. మెట్లెక్కుతూ మెడలోని ట్యాగు తీసి జేబులో దాచుకునేవాళ్ళు. దిగేటప్పుడు మళ్ళీ వేసుకునేవాళ్ళు.

నాకు తోడుగా ఒక గుమాస్తా ఉండేవాడు. ఆయనది ఆ చుట్టుపక్కలే. ఏ అద్దాల మేడ కింద ఎవరి జొన్నచేను ఉండేదో చెప్పగలడు. ఉద్యోగంలో నాకంటే చిన్న, లోకంలో నాకంటే పెద్ద. ఈ రెండో సంగతి నేను ఒప్పుకోవడానికి కొంత కాలం పట్టింది.

ఒకరోజు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఒక ఇంజనీరు వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నల్లగండ్లలో ఫ్లాటు. ఇంటి లోను కాక, వేరే బ్యాంకులో ఆరు లక్షల పర్సనల్ లోను. నాలుగు నెలలుగా దానికి కిస్తీలు కట్టలేదు.

"ఈ ఆరు లక్షలు దేనికి తీసుకున్నారు?" అని అడిగాను.

"వాస్తుకు మేడం."

పెన్ను కింద పెట్టాను.

"మా మామ ఒక పంతులును తోలుకొచ్చిండు. బాత్రూం ఈశాన్యంల ఉంది, గందుకే ప్రమోషన్ వస్తలేదన్నడు. అది తీసి ఇంకోదిక్కు కట్టించినం. కింద ఫ్లాటోళ్ళ సీలింగుల నీళ్ళు కారినయ్. అది కూడ నేనే బాగు చేయించిన. మళ్ళ గృహప్రవేశం."

"ప్రమోషన్ వచ్చిందా?"

"మా మేనేజర్‌కు వచ్చింది మేడం. ఆయన బాత్రూం ఏడున్నదో అడగలే."

మా గుమాస్తా దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వెళ్ళాడు. నేను నవ్వలేదు. నాకు కోపం వచ్చింది. ఇంజనీరింగు చదివి, ప్రపంచంలోని ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే మనిషి తన ఇంటి గోడ విషయంలో ఒక్క ప్రశ్న వేయలేదు. ఆ కోపంలో నేను అతణ్ణి ఒక శిష్యుడిగా తీసుకున్నాను. అదే నా మొదటి తప్పు.

అతనికి ఇంకో అప్పు ఉంది. వాళ్ళ ఆఫీసు గోడ పక్కన టీ బండి నడిపే ఆమె దగ్గర చిట్టీ. పాతికమంది సభ్యులు, నెలకు తలా నాలుగు వేలు, వంతు వచ్చినవాళ్ళకు లక్ష. సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు, హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్ళు, ట్యాగులున్నవాళ్ళు ముగ్గురో నలుగురో. ఇతను ఆరో నెలలోనే లక్ష ఎత్తుకున్నాడు. కట్టాల్సినవి ఇంకా పదిహేడు నెలలు.

"జమానతు ఎవరు?"

"మా ఫ్లోర్‌ల హౌస్‌కీపింగ్ చేసే చెల్లె. ఒకసారి ఎవరిదో హెడ్‌ఫోన్ పోయిందని ఆమె మీద పెట్టిన్రు. నేను చూసిన, ఆమె తియ్యలేదు అని చెప్పిన. గా సంది నేనంటే మర్యాద."

"ఎక్కడ సంతకం చేసింది?"

"సంతకం లేదు మేడం. నిలబడ్డది."

"అంటే?"

"చిట్టీ ఎత్తుకునే రోజు మనం బండి ముందట నిలబడాలె. మన దిక్కు ఉన్నోళ్ళు వచ్చి పక్కన నిలబడతరు. అందరు చూస్తరు. అంతే. మనం కట్టకపోతే వాళ్ళు కడతరు."

"అంటే ఆమె కాళ్ళే స్టాంపు పేపరన్నమాట," అన్నాను. ఆ మాట నాకే చాలా నచ్చింది. తరువాత రెండు సభల్లో వాడాను.

అతని చేతిలో అప్పుడు మూడు లక్షలున్నాయి, ప్రావిడెంట్ ఫండు నుంచి తీసినవి. అతని ఆలోచన ఇది: మిగిలిన చిట్టీ అంతా, అంటే అరవై ఎనిమిది వేలు, ఒకేసారి కట్టేసి, ఆ చెల్లెను విడిపించాలి. మిగిలింది బ్యాంకుకు కొంత కట్టి, బాకీని ఇంకొన్నేళ్ళకు పొడిగించమని బతిమాలాలి. నా ఆలోచన వేరు. ఆ బ్యాంకు ఏకమొత్తంగా రెండు లక్షల ఎనభై వేలు కడితే మిగిలింది వదులుకుంటానంటోంది. సగానికి పైగా మాఫీ. రాతపూర్వకంగా, ముద్రతో. చిట్టీ సంగతి? నెలకు నాలుగు వేలు జీతంలోంచి పోతాయి.

"మేడం, బ్యాంకు జర ఆగుతది గదా?" అన్నాడు.

"ఎందుకాగుతుంది? దానికి వకీళ్ళున్నారు, నోటీసులున్నాయి. చిట్టీకి ఏముంది? అది నమోదే కాలేదు. కోర్టు లేదు, కాగితం లేదు. ఆగాల్సింది చిట్టీయే."

మా గుమాస్తా తలుపు దగ్గర నిలబడి అన్నాడు: "మేడం, చిట్టీవాళ్ళు పొద్దున లేస్తే కండ్ల ముందట ఉంటరు. బ్యాంకు ఎన్నడన్న ఎదురుపడ్డదా ఆయనకు?"

"ఎదురుపడితే భయపడి కట్టడం సంస్కారం కాదండీ," అన్నాను. "లెక్క చూసి కట్టడం సంస్కారం."

బ్యాంకు రికార్డులో మచ్చ పడుతుందని, కొన్నేళ్ళపాటు ఎవరూ అప్పివ్వరని కూడా చెప్పాను. దాచలేదు. కాకపోతే చెప్పిన తీరు ఇది: "మీకు అప్పు పుట్టకపోవడం కంటే మీ కుటుంబానికి అదృష్టం ఏముంది?" అతను నవ్వాడు. వాదంలో నేను గెలిచాను. అరగంటలో ఫారం నింపాం. పదిహేను గడులున్న ఫారం అది. తండ్రి పేరు నుంచి తాకట్టు దాకా అన్నీ అడుగుతుంది.

నెలన్నరకు బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది, బాకీ పరిష్కారమైందని. అతను మా ఆఫీసుకు పుల్లారెడ్డిమార్కు నేతి మిఠాయిలు కాకపోయినా, ఒక కిలో లడ్డూలు తెచ్చాడు. మా బ్యాంకు మండల సమావేశంలో ఆ కేసును నేను ఆదర్శ కేసుగా వివరించాను. శాలువా కప్పారు. శాలువాల సంస్కృతి మీద వ్యాసాలు రాసిన దాన్నే, మెడ వంచి కప్పించుకున్నాను. మెత్తగానే ఉంది.

మూడు నెలలు చిట్టీ సరిగ్గానే కట్టాడు. ఆ తరువాత అతను పనిచేస్తున్న ప్రాజెక్టు అయిపోయింది. కంపెనీ ఇంకో ప్రాజెక్టుకు పంపబోయింది. ఆ క్లయింటు ఒక విదేశీ బ్యాంకు. తమ పని చేసేవాళ్ళ అప్పుల చరిత్ర కూడా వాళ్ళు తెప్పించుకుని చూస్తారట. ఇతని చరిత్రలో, అప్పు పూర్తిగా తీర్చలేదు, తగ్గించి కట్టాడు అని ఉంది. కిస్తీలు ఆలస్యంగా కట్టినా, చివరికి మొత్తం కట్టినవాళ్ళను తీసుకున్నారు. ఇతణ్ణి తీసుకోలేదు. రెండు నెలలు ఖాళీగా కూర్చోబెట్టి, ఇంకోచోట చూసుకోమన్నారు.

అప్పుల చరిత్రను అప్పులిచ్చేవాళ్ళే చూస్తారనుకున్నాను. ఉద్యోగాలిచ్చేవాళ్ళు కూడా చూస్తారని నాకు తెలియదు. కొండాపూర్‌లో కూర్చుని, చుట్టూ ఉన్న మేడల్లో సగం విదేశీ బ్యాంకుల పనే జరుగుతుంటే, నాకు తెలియదు. నేను మచ్చ అని తేలిగ్గా అన్నది అతని జీతాన్నే మింగింది.

ఈ సంగతి అతను చెప్పలేదు. సిగ్గుపడి నాకు మొహం చాటేశాడు. చెప్పింది హౌస్‌కీపింగ్ చేసే ఆమె. ఒక మధ్యాహ్నం నీలం యూనిఫాం చీరతోనే మెట్లెక్కి వచ్చింది.

"సార్‌కు లెక్కలు చెప్పింది మీరేనా మేడం?"

"నేనే. కూర్చోండమ్మా."

"కూసునే టైం లేదు. లంచ్‌కు అర్ధగంటే ఇస్తరు." నిలబడే చెప్పింది. రెండు నెలలుగా ఇతను చిట్టీ కట్టడం లేదు. ఈమే తన నాలుగు వేలతో పాటు అతని నాలుగు వేలూ కడుతోంది. అందుకోసం చెవి కమ్మలు కుదవ పెట్టింది. మూసాపేటలో ఈమె కుటుంబం ఉండే కిరాయి గదిని ఇంటి ఓనరు వచ్చే నెల పదో తారీఖులోగా ఖాళీ చేయమన్నాడు. కొత్త గదికి అడ్వాన్సు ఇరవై వేలు. వచ్చే నెల చిట్టీ వంతు ఈమెదే. కానీ బాకీ ఉన్నవాళ్ళకు చిట్టీ ఇవ్వరు. ఈ నెల అతనిది కట్టలేకపోతే ఈమె వంతు పోతుంది, గదీ పోతుంది.

నేను నాకు తెలిసిన ధైర్యం చెప్పాను. "మీ పేరు ఏ కాగితంలోనూ లేదమ్మా. చట్టప్రకారం మీరు కట్టాల్సిన పనే లేదు."

ఆమె నా వైపు జాలిగా చూసింది. "చట్టం నాకెర్క లేదు మేడం. కట్టకుంటే రేపు నాకు ఎవరు నిలబడతరు? సరే, కాగితంల నా పేరు లేదంటున్నరు. మరి మీరు కాగితం నింపినప్పుడు రాయాల్సింది గదా? సార్ కట్టకపోతే గీమె మీద పడ్తది అని?"

పదిహేను గడులు. ఆ ఒక్క గడి లేదు. ఆమె టైం చూసుకుని గబగబా దిగిపోయింది.

నా జవాబు నేను మరీ నాలాగే తయారుచేశాను. చిట్టీ నడిపే ఆమెకు ఒక ప్రతిపాదన రాశాను, శుభ్రమైన తెలుగులో, ఒక పేజీ: సభ్యుడి ప్రస్తుత ఆర్థిక స్థితి దృష్ట్యా మూడు నెలల వాయిదా, ఆపై పెంచిన వాయిదాలలో చెల్లింపు. చిట్టీ పడేది ప్రతి నెలా అయిదో తారీఖు సాయంత్రం నాలుగింటికి. ఇంజనీరుకు ఫోను చేసి రమ్మన్నాను. నేను సగం రోజు సెలవు పెట్టి బయలుదేరాను. గుమాస్తా కూడా వెంట నడిచాడు.

"మీరెందుకండీ?"

"నేను టీ తాగనికి వస్తున్న మేడం. మీ వెంట కాదు."

ఆ బండి చుట్టూ పాతికమందీ ఉన్నారు. మధ్యలో మూత తీసిన స్టీలు డబ్బా. ఒక్కొక్కరూ వచ్చి, పైకెత్తి చూపించి, అందులో నోట్లు వేస్తున్నారు. పుస్తకం లేదు. పాతిక జతల కళ్ళున్నాయి. టీ బండి ఆమెకు యాభై దాటి ఉంటాయి. అందరూ అక్కా అనే పిలుస్తున్నారు. నా కాగితం చూసి, చేతులు తడిగా ఉన్నాయని చూపించి, "సదువమ్మా, అందరు వింటరు," అంది.

చదివాను. బాగా చదువుతానని నాకు పేరు.

"మూడు నెలల వాయిదా అంటే, గా మూడు నెలలు ఎవరు కట్టాలె?" అంది.

"ఎవరూ కట్టరు. వెనక్కి జరుపుతారు."

"ఏడికి జరుపుతరు? ఇయ్యాల చిట్టీ ఈ డ్రైవర్ తమ్మునిది. లక్షల నాలుగు వేలు తక్కువ పడ్తయ్. ఈనకు తక్కువియ్యాల్నా? నువ్వే చెప్పు." డ్రైవర్ వైపు తిరిగి, "ఏం తమ్మీ, తక్కువ తీసుకుంటవా?"

"నాకెందుకక్కా, మేడంకు తక్కువియ్యి," అన్నాడతను. అందరూ నవ్వారు. మా గుమాస్తా అందరికంటే గట్టిగా నవ్వాడు.

"చిట్టీ నడిపేది మీరు. మీరు భరించాలి కదా," అన్నాను.

"భరిస్త. ఇయ్యాల ఒకరిది భరిస్తే రేపు ఇరవై నలుగురు చేతులు జాపుతరు. అప్పుడు టీ పొడి నువ్వు తెస్తవా?"

బ్యాంకులో బాకీని వాయిదా వేస్తే అది ఎక్కడికి పోతుందో నేను ముప్పై నాలుగేళ్ళలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఏదో ఒక పెద్ద కడుపులోకి పోతుంది. ఇక్కడ అంత పెద్ద కడుపు లేదు. జరిపిన ప్రతి రూపాయీ ఎదురుగా నిలబడ్డ ఒక మనిషి మీదికే జరుగుతుంది.

ఆమె ఇంజనీరు వైపు తిరిగింది. "తమ్మీ, చేతిల మూడు లక్షలున్ననాడు ముందుగాల మాకు ఎందుకు కట్టలే?"

అతను నేల చూశాడు. నన్ను చూశాడు. "మేడం చెప్పింది."

"ఏమని?"

"చిట్టీకి కోర్టు లేదు, ఆగుతది అని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. హౌస్‌కీపింగ్ చేసే ఆమె అతని పక్కనే నిలబడి ఉంది.

"నువ్వు చెప్పినవా అమ్మా?" టీ బండి ఆమె నన్ను అడిగింది.

"చెప్పాను."

"చెప్పినందుకు పైసలు తీసుకున్నవా?"

"లేదు. మాది ఉచిత సేవ."

"గందుకే గిట్లయింది," అంది టీ బండి ఆమె. కోపంగా కాదు, పాలు విరిగాయన్నట్టు. "సరే తియ్యి. మాట చెప్పినోళ్ళు మాట పక్కన నిలబడాలె గదా. వచ్చి నిలబడు."

ఉద్యోగంలో ఉన్న బ్యాంకు అధికారి ఇలాంటి జమానతులు ఇవ్వకూడదు. నమోదు కాని చిట్టీలో అసలే కూడదు. నా పదవీ విరమణకు అయిదు నెలలుంది. ఇవన్నీ చెప్పి వచ్చేయవచ్చు. నోటి చివరిదాకా వచ్చాయి కూడా. అయితే అలవాటు కొద్దీ ఆమె వాదాన్ని ఆమెకంటే బాగా చెప్పే ప్రయత్నం చేశాను, మనసులోనే. అది ఇలా వచ్చింది: సలహా తప్పయితే నష్టంలో వాటా లేనివాడి సలహాకీ జాతకానికీ తేడా ఏమిటి? వాస్తు పంతులు వచ్చి గోడ పగలగొట్టమన్నాడు, వెళ్ళిపోయాడు. నేను చిట్టీని ఆపమన్నాను, శాలువా కప్పించుకున్నాను. ఆయన కనీసం ఆ ఇంటి దాకా వెళ్ళి గోడ చూశాడు. నేను కుర్చీలోంచి కదలలేదు.

ఖండించడానికి ఏమీ దొరకలేదు.

రోడ్డుకు అటుపక్క ఏటీఎం ఉంటే వెళ్ళి పన్నెండు వేలు తెచ్చాను. ఎనిమిది వేలు హౌస్‌కీపింగ్ చేసే ఆమె చేతిలో పెట్టాను. అందరి ముందూ లెక్కపెట్టుకుని, కొంగున ముడేసుకుని, ఇంజనీరు పక్కనుంచి అవతలికి వెళ్ళింది. మిగిలిన నాలుగు వేలు పైకెత్తి చూపించి డబ్బాలో వేశాను. తరువాత వెళ్ళి ఆ ఖాళీ అయిన చోట నిలబడ్డాను. ఎండ నేరుగా కళ్ళలో పడుతోంది. పాతికమంది నన్ను చూస్తున్నారు. వందల పత్రాల మీద వందల మంది చేత జామీను సంతకాలు పెట్టించిన దాన్ని, జామీను ఉండటమంటే ఎలా ఉంటుందో ఆ నిమిషంలో తెలుసుకున్నాను. ఈసారి స్టాంపు పేపరు నా కాళ్ళే.

"మేడం, బ్యాంకు నుంచి చార్జిషీటు వస్తది," అన్నాడు గుమాస్తా నెమ్మదిగా.

"మీరు టీ తాగడానికి వచ్చారు. తాగండి."

చార్జిషీటు రాలేదు. ఎందుకంటే కాగితం లేదు. కాగితం లేకపోవడం వల్ల నేను జీవితంలో పొందిన ఏకైక లాభం అదే.

పొరబాటుగా అర్థం చేసుకోకండి. నోటిమాటకు గుడి కట్టమని నేను చెప్పడం లేదు. అదే ఏడు ఇంకో సందులో ఇలాంటి చిట్టీయే నడిపిన ఒకాయన తాళం వేసి వెళ్ళిపోయాడు. క్యాబ్ డ్రైవర్లు కొందరు మా కేంద్రానికి వచ్చి ఏడ్చారు. వాళ్ళ చేతిలో ఒక్క కాగితం ఉంటే నేను ఏదో ఒకటి చేయగలిగేదాన్ని. నేటికీ ఎవరడిగినా రాతకోతల దారే మంచిదంటాను, నమోదైన చిట్టీల్లోనే చేరమంటాను. అయితే ఏ దారిలో ముందు కట్టాలి అని అడిగితే, వడ్డీ శాతం కంటే ముందు ఒకటి అడుగుతాను: నువ్వు కట్టకపోతే ఎవరు కడతారు? ఒక సంస్థా, ఒక మనిషా? మనిషయితే, ఆ మనిషిని ముందు విడిపించు. సంస్థ ఏడవదు. ఉత్తరాలు రాస్తుంది, అంతే.

ఈ ప్రశ్నను మా ఫారంలో పదహారో గడిగా చేర్చి పై ఆఫీసుకు పంపాను. ఫారంలో మార్పులు చేయరాదని జవాబొచ్చింది. ఇంజనీరు కేసు మాత్రం వాళ్ళ ఫైలులో ఇప్పటికీ విజయవంతమైన కేసే.

హౌస్‌కీపింగ్ చేసే ఆమె మరుసటి నెల చిట్టీ ఎత్తుకుంది. కమ్మలు విడిపించుకుని, మూసాపేటలోనే మెట్రో స్టేషను వెనక ఇంకో గదికి మారింది. ఇంజనీరుకు నాలుగు నెలలకు ఒక చిన్న కంపెనీలో తక్కువ జీతానికి పని దొరికింది. ఈలోగా ఇంకో మూడు నెలలు నేనే కట్టాను. అన్నీ కలిపి ఇరవై నాలుగు వేలు.

అతను ఆ డబ్బు నా ఖాతాకు పంపిస్తానన్నాడు. నాకు అదే సుఖం. టీ బండి ఆమె ఒప్పుకోలేదు. "ఈడ నిలబడ్డది అందరు చూసిన్రు. తీరింది కూడ అందరు చూడాలె," అంది. దాంతో పదవీ విరమణ చేసిన తరువాత కూడా ప్రతి అయిదో తారీఖు సాయంత్రం నేను బస్సు దిగి, ఆ అద్దాల మేడ గోడ పక్కన, ఎండలో అతని పక్కన నిలబడేదాన్ని. అతను తన చిట్టీ నాలుగు వేలు డబ్బాలో వేసి, ఇంకో నాలుగు వేలు పైకెత్తి చూపించి నా చేతిలో పెట్టేవాడు. ఆరు నెలలు. ఆరోసారి ఆమె గ్లాసులు కడుగుతూనే తల తిప్పి చూసింది.

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోయింది."

"అయితే ఇగ జరుగు. గిరాకీకి అడ్డమున్నవ్."

జరిగాను.